తలగుడ్డ తీసిన మధ్యాహ్నం

"ఈ ఇంట్లో బాత్రూం మనుషుల కోసం ఖాళీ అయ్యే రోజు ఏదో కాస్త చెప్పవే కోడలా, అంతదాకా నా ఒంటి మురికికి సర్దిచెప్పుకుంటాను," అంది అత్తగారు తలుపు అవతలి నుంచి.

కమ్షాత్ లోపల మోకాళ్ళ మీద కూర్చుని తొట్టి తోముతోంది. శనివారం నాడు ఆ తొట్టిని రెండు మార్లు తోమాలి. తడి ఫిలిం మీద చిన్న వెంట్రుక అంటుకున్నా భర్త ఎర్మెక్ రోజంతా మాట్లాడడు కనుక ఫొటోల రీలు కడగడానికి ముందు ఒకసారి. నమాజుకు కాళ్ళు కడుక్కోవడానికి వచ్చిన అత్తగారికి మందు మరక కనిపిస్తే వారమంతా మాట్లాడుతూనే ఉంటుంది కనుక కడిగిన తరవాత మరొకసారి. ఒకరి మౌనానికీ ఇంకొకరి మాటలకూ మధ్య ఆ తెల్లని తొట్టి మెరుస్తూ ఉండేది.

ఎర్మెక్‌కు పాత కెమెరాల పిచ్చి. వారమంతా రైల్వే ఆఫీసులో ఊపిరి బిగబట్టి ఉద్యోగం చేసి, శనివారం తెల్లవారగానే అల్మాతీ నగరంలోని పాత సామాన్ల సంతకు పోతాడు. అక్కడ టార్పాలిన్ల మీద, తుప్పు పట్టిన పతకాల పక్కన, మూతి విరిగిన, టీ కాచే సమోవార్ల పక్కన సోవియట్ కాలపు కెమెరాలు పరిచి ఉంటాయి. ఒక లెన్సు ఇచ్చి ఒక కెమెరా, ఆ కెమెరా ఇచ్చి ఇంకో లెన్సు, ఈ లెన్సూ పాత ఫిలిం డబ్బా కలిపి మరొకటి. ఇలా వస్తువుకు వస్తువు మారకం వేసుకుంటూ, ఒకరినొకరు మోసం చేసుకుంటూ, ఆ మోసాలను తలుచుకుని కలిసి నవ్వుకుంటూ తిరిగే మగవాళ్ళ బృందం ఒకటి ఆ ఊళ్ళో ఉంది. వాళ్ళు దానిని క్లబ్బు అంటారు.

రీలు కడగడం కమ్షాత్ పని. ఎందుకు ఆమె పని అయిందో ఇప్పుడు ఎవరికీ పట్టదు గాని మొదట్లో ఒక కారణం ఉండేది. నల్లసంచిలో చేతులు దూర్చి, కంటికి కనిపించకుండా, వేళ్ళ ఆనవాలుతోనే ఫిలింను చక్రం గాడిలోకి ఎక్కించాలంటే చేతులు పొడిగా ఉండాలి. ఎర్మెక్ అరచేతులకు చెమట పడుతుంది. కమ్షాత్‌వి ఆసుపత్రి ఎక్స్‌రే గదిలో, కంప్యూటర్లు రాక మునుపు, విరిగిన ఎముకల ఫిలింలు చీకట్లో కడిగిన చేతులు. "మా ఇంట్లో ఎముకల ఫొటోగ్రాఫరు ఉంది, నాకేం లోటు," అని ఎర్మెక్ నలుగురినీ నవ్వించేవాడు. ఆ నవ్వు వెనక పని ఒక్కొక్కటిగా ఆమె చేతికి వచ్చి చేరింది. మందు కలపడం, నీళ్ళ వేడి సరిచూడడం, డబ్బాను ఒకే తీరుగా ఊపడం, ఫిలింను తాడు మీద ఆరవేయడం, ముక్కలుగా కత్తిరించి కవర్లలోకి దూర్చడం, ఆ పైన వంటింటి కిటికీకి దుప్పటి కట్టి ఎర్రదీపం కింద కాగితాల మీదికి దింపడం. ఎర్మెక్ మీట నొక్కేవాడు. నొక్కిన క్షణం నుంచి గోడకెక్కే క్షణం దాకా ఉన్న దూరమంతా కమ్షాత్ నడిచేది. అయినా బయటికి వచ్చేసరికి అది ఎర్మెక్ ఫొటో. "ఎర్మెక్ నలుపు" అని క్లబ్బులో ఒక మాటే పుట్టింది. ఆ నలుపు ఎలా వస్తుందో ఎర్మెక్‌కు తెలియదు.

ఒకసారి ఆమెను సంతకు తోడు తీసుకుపోయాడు. ఒక లెన్సును వెలుగుకు ఎత్తి చూసి, లోపలి అద్దానికి బూజు పట్టిందని ఆమె చెప్పింది. అమ్మేవాడు ఆమె వైపు చూడకుండా ఎర్మెక్‌ను అడిగాడు. "ఏమంటున్నారు అన్నా మీ ఆవిడ? మసకగా కనిపిస్తోందేమో, నా దగ్గర కళ్ళజోళ్ళు కూడా ఉన్నాయి, ఒకటి ఇమ్మంటారా?" ఇద్దరూ నవ్వుకున్నారు. లెన్సు చేతులు మారింది. ఇంటికొచ్చి తీసిన మొదటి రీలులోనే బూజు బయటపడింది. "చెప్పాల్సిన తీరులో చెప్పలేదు నువ్వు," అన్నాడు ఎర్మెక్.

ఆమెకంటూ ఒక కెమెరా ఉండేది. క్లబ్బుకు పెద్ద గెన్నాది త్సోయ్ అనే కొరియన్ ఆయన, ఊళ్ళో ఫొటోలు పెద్దవి చేసి ఇచ్చే దుకాణం ఆయనది. తన రీళ్ళు కొన్ని కడిగి పెట్టినందుకు బదులుగా ఒక పాత ఫెద్ కెమెరాను ఎర్మెక్ చేతిలో పెట్టాడు. దాని లోపలి గుడ్డతెరకు సూదిమొనంత చిల్లు. ఏ ఫొటో తీసినా పై మూలలో తెల్లని మచ్చ పడేది. కమ్షాత్ నల్ల రబ్బరు రంగు పూసి ఆ చిల్లును మూసింది. మచ్చ ఆవగింజంత చుక్కగా తగ్గింది గాని పూర్తిగా పోలేదు. "ఉంచుకో. ఆ చిల్లుల బుర్రకు మారకం ఎవడిస్తాడు?" అన్నాడు ఎర్మెక్. ఆ మాటతో అది ఆమెదయింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఎవరికీ అక్కర్లేకపోవడం వల్ల ఆమెకు దక్కిన వస్తువులలో అది ఒకటి. దానితో ఆమె ట్రాములో తల వాల్చి నిద్రపోయే ఆడవాళ్ళను తీసింది, ఆసుపత్రి మెట్ల మీద చెప్పులు విప్పుకుని కాళ్ళు చూసుకునే ఆయాలను తీసింది, పిండి పిసికే అత్తగారి చేతులను ఆవిడకు తెలియకుండా తీసింది. ఎవరికీ చూపలేదు. చూపమని అడిగినవాళ్ళు లేరు.

క్రితం ఏడు చలి మొదలయ్యే రోజులలో తల్లికి జబ్బు ముదిరిందని కబురు వస్తే కమ్షాత్ సెలవు పెట్టి పుట్టిన ఊరు కజాలీ వెళ్ళింది. ఆడవాళ్ళ సేవ గనక ఎర్మెక్ రాలేదు. వచ్చినా అల్లుడు ఆ గదిలోకి అడుగు పెట్టేవాడు కాడు. తల్లి రిస్తీ పాతకాలపు మనిషి. తలను, మెడను, భుజాలను కప్పే తెల్లని తలగుడ్డ, కిమెషెక్, ఆమె ఒంటి మీద నుంచి తొలగగా చూసిన మగవాడు ఆ ఊళ్ళో లేడు, భర్త ఒక్కడు తప్ప. ఆయన కూడా పోయి చాలాకాలమయింది. అల్లుడు గుమ్మంలోకి వచ్చాడంటే గుడ్డ అంచు నోటి దాకా లాక్కుని, ముఖం పక్కకు తిప్పి, "బాగున్నావా నాయనా" అని గోడతో మాట్లాడేది.

ఒక మధ్యాహ్నం కమ్షాత్ ఆమెకు తలంటి పోసింది. పొయ్యి పక్కన కిటికీ వెలుగులో కూర్చోబెట్టి జుట్టు ఆరబెట్టింది. అంత జబ్బులోనూ ఆ జుట్టు నడుము కిందికి జారుతూ, మబ్బు రంగులో, మెల్లగా ఆవిరి వదులుతూ ఉంది. కమ్షాత్ సంచిలోంచి ఫెద్ తీసింది.

"ఆ డబ్బా ఎందుకే ఇప్పుడు?"

"నిన్ను తీస్తానమ్మా."

"ఇలాగా? తల మీద గుడ్డ లేకుండా? పట్నం పోయి నీ బుర్ర కూడా అరువిచ్చేశావా?"

కమ్షాత్ కెమెరా దించేసింది. తల్లి కాసేపు తన జుట్టును తానే చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసింది. ఎవరిదో అన్నట్టు చూసింది.

"పెళ్ళినాడు కప్పారు దీన్ని. నేను కూడా సరిగ్గా చూసుకోలేదు," అంది. "సరే, తియ్యి. కానీ ఒట్టు పెట్టు. మగాడి కంట పడకూడదు. నీ మొగుడైనా, నా తోడబుట్టినవాడైనా."

"ఒట్టు."

"గట్టిగా."

"నీ మీద ఒట్టమ్మా."

అప్పుడు రిస్తీ తల ఎత్తి చూసింది. ఒకటే ఫొటో తీసింది కమ్షాత్. రెండోది అడగాలనిపించలేదు.

ఎర్మెక్ ఇంట్లో లేని ఒక ఆదివారం ఆ రీలు కడిగింది. అరచేతిలో పట్టేంత చిన్న కాగితం మీదికి ఒక్కటే దింపి, మళ్ళీ కజాలీ వెళ్ళినప్పుడు తల్లి చేతికిచ్చింది. రిస్తీ దానిని కళ్ళ దగ్గరగా పెట్టుకుని ఎంతోసేపు చూసింది. "ఇదన్నమాట నేను," అని మాత్రం అంది. మంచు కరగక ముందే పోయింది. ఆ చిన్న కాగితాన్ని కమ్షాత్ తల్లి దిండు కింద నుంచి తీసి, కడసారి కప్పిన తెల్లబట్ట మడతలోకి ఎవరూ చూడకుండా జార్చింది. నెగెటివ్ మాత్రం అల్మాతీలో ఎర్మెక్ బీరువాలో, ఎర్మెక్ నెగెటివ్‌ల నడుమ ఉండిపోయింది. ఆ ఇంట్లో ఆమెకంటూ వేరే అర లేదు.

*

వసంతంలో క్లబ్బువాళ్ళు ఫొటోల ప్రదర్శన తలపెట్టారు. ఎవరి ఫొటోలు గోడకెక్కించాలో తేల్చడానికి ఒక ఆదివారం మధ్యాహ్నం ఎర్మెక్ ఇంట్లో చేరారు. కమ్షాత్ పొద్దున్నే నూనెలో పిండి బౌర్సాక్‌లు వేయించి, మాంసం ఉడకబెట్టి, బల్ల చివర సమోవార్ పక్కన తన చోటులో కూర్చుంది. కోడలి చోటు అది. ఎవరికి టీలో పాలు ఎక్కువో, ఎవరికి తక్కువో గుర్తుంచుకుని, కప్పులో అడుగున కొద్దిగా మాత్రమే పోస్తూ, ఖాళీ అయిన కప్పు కోసం మళ్ళీ చెయ్యి చాచుతూ ఉండాలి. కొద్దికొద్దిగా పోయడమే గౌరవం. అతిథి కూర్చున్నంతసేపూ ఆమె లేవకూడదు, ఆమె మాట వినిపించకూడదు.

బల్ల అవతలి కొసన ఫొటోలు చేతులు మారుతున్నాయి. అక్కడ ఉన్నట్టుండి గొంతులు తగ్గాయి.

"ఎర్మెక్ తమ్ముడూ, ఇదెప్పుడు తీశావు?" అన్నాడు గెన్నాది. "దుకాణంలో కుర్రాళ్ళ చేత పెద్దది చేయించావట, నేను ఇవాళే చూస్తున్నాను. ఆ జుట్టులో నలుపు, బూడిద, తెలుపు... దేన్నీ మింగేయకుండా దేనికది నిలబెట్టావు. ఎంతసేపు కడిగావు?"

"మామూలుగానే, ఎప్పట్లాగే," అన్నాడు ఎర్మెక్. తరవాత బల్ల ఇవతలికి చూశాడు. "కమ్షాత్, ఎంతసేపు?"

ఏ ఫొటో సంగతో ఆమెకు తెలియలేదు. "నీళ్ళు చల్లగా ఉంటే ఎక్కువసేపు ఉంచుతాను," అంది.

"చూశారుగా, మా ఇంట్లో గడియారం కూడా ఆవిడే!" అన్నాడు ఎర్మెక్. నవ్వులు లేచాయి.

ఫొటో ఒక చేతి నుంచి ఇంకో చేతికి ఆమె వైపు రాసాగింది. పక్కనున్నాయన బౌర్సాక్ నూనె అంటిన వేళ్ళతో దాని అంచు పట్టుకుని, "చెల్లెమ్మా, కొంచెం అటు అందించండి," అని ఆమె చేతిలో పెట్టాడు.

కమ్షాత్ చేతిలో తల్లి ఉంది. తల మీద గుడ్డ లేదు. అరచేతిలో దాచుకున్న ముఖం ఇప్పుడు పళ్ళెమంత పెద్దదై ఉంది. అందరు మగవాళ్ళూ చూసేశారు. ఇప్పుడు దాన్ని ఆమే చేత్తో పట్టుకుని అవతలి మగవాడికి అందించాలి. అందించింది. ఆ మాట తరవాత ఎన్నో మార్లు ఆమెను నిద్రలోంచి లేపింది. పడేయలేదు, అరవలేదు, చించలేదు, వెనక్కి తీసుకోలేదు. అలవాటు పడిన చెయ్యి మనసు చెప్పేదాకా ఆగదు. అందించింది.

తరవాత గెన్నాది కప్పు అందుకుని పోసింది. పోస్తూనే ఉంది. కప్పు అంచు దాకా నిండి, పళ్ళెంలోకి పొర్లింది. 

"నిండా పోసేసింది రా! మనల్ని తాగి లేచిపొమ్మంటోంది చెల్లెమ్మ!" అని ఎవరో అన్నారు. మళ్ళీ నవ్వులు.

గెన్నాది నవ్వలేదు. ఫొటో మళ్ళీ ఆయన దగ్గరికి చేరింది. పై మూలలో వేలు పెట్టాడు. ఆవగింజంత తెల్లని చుక్క. తాను ఇచ్చిన ఫెద్ చుక్క. ఎర్మెక్ ఏనాడూ వాడని కెమెరాది. ఆయన కమ్షాత్ వైపు చూశాడు, ఎర్మెక్ వైపు చూశాడు, వేలు తీసేశాడు.

"మంచి ఫొటో," అన్నాడు. "ఇదే ముందు గోడ మీద పెడదాం."

*

అతిథులు వెళ్ళాక కమ్షాత్ గిన్నెలు తీయలేదు. "అది మా అమ్మ," అంది.

"మీ అమ్మేగా, పరాయిదా? ఎంత బాగా వచ్చిందో చూశావా?" ఎర్మెక్ గొంతులో నిజమైన సంతోషం ఉంది, అదే ఆమెకు అన్నిటికంటె భయం వేసిన సంగతి. "వేరే దాని కోసం వెతుకుతుంటే దొరికింది. నా బీరువాలో, నా ఫిలిం మీద, నా మందుతో కడిగింది. మనది కాకపోతే ఎవరిది?"

"నేను ఒట్టు పెట్టాను. మగవాళ్ళు చూడకూడదని."

"ఒట్టు పెట్టించుకున్న మనిషి లేదు కదా ఇప్పుడు."

ఆ మాటకు అడ్డు వచ్చింది అత్తగారు. కళ్ళజోడు పెట్టుకుని, ఫొటోను కిటికీ దగ్గరికి తీసుకుపోయి చూస్తోంది.

"ఇది వియ్యపురాలు రిస్తీ కదురా? తల మీద గుడ్డేది?"

"కళలో అవన్నీ చూడరమ్మా."

"నేను కళ సంగతి అడగలేదు. నువ్వు ఆ గదిలోకి వెళ్ళావా అని అడుగుతున్నాను. మీ అత్త జుట్టు విప్పుకు కూర్చుంటే నువ్వు ఎదురుగా నిలబడి చూశావా?"

 కమ్షాత్ చూస్తూ నిలబడింది. ఆ మధ్యాహ్నం ఆ ఫొటోను ఎంతోమంది మగవాళ్ళు చూశారు. వెలుగు గురించి మాట్లాడారు, నలుపు గురించి మాట్లాడారు. ఏ అల్లుడూ నిలబడలేని చోటునుంచి తీసిన ఫొటో అది అని ఒక్కడికీ తట్టలేదు. ముసలావిడకు ఒక్క చూపుతో తట్టింది. ఇప్పుడు ఎర్మెక్ ముందు రెండే దారులు ఉన్నాయి. తీసింది తాను కానని ఒప్పుకుంటే ఫొటో పోతుంది. తానేనంటే, అత్తగారి గుడ్డ తొలగిన తలను కళ్ళారా చూసిన సిగ్గులేని అల్లుడవుతాడు, ఆ చూపును ఒప్పుకున్న సిగ్గులేని మనిషిగా చచ్చిపోయిన రిస్తీ మిగులుతుంది.

"చూశాను," అన్నాడు ఎర్మెక్. "అయితే ఏం? జబ్బు మనిషి. నన్ను కొడుకనుకుంది."

ఇంత సులువుగా అన్నాడు. రిస్తీ పరువు ఒక పక్క, ఫొటో కింద చీటీ మీద అతని పేరు ఒక పక్క పెట్టి తూచితే ఏది మొగ్గుతుందో తేలడానికి అంతే సమయం పట్టింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతను అబద్ధమాడగా ఆమె చాలాసార్లు చూసింది. చచ్చిన మనిషి నోట్లో అబద్ధం కుక్కడం ఇదే మొదలు.

అతను సిగరెట్ కోసం బాల్కనీలోకి పోయాక అత్తగారు వంటింట్లోకి వచ్చి, కమ్షాత్ పక్కన నిలబడి, ఎప్పుడూ లేనిది ఒక కప్పు తానే కడిగింది.

"నువ్వే తీశావని నాకు తెలీదనుకోకు," అంది గొంతు తగ్గించి. "వాడికంత ఓపికెక్కడిది? మా ఉమ్మడి సాగు కొల్‌ఖోజ్‌లో ఉన్నప్పుడు నేనొక కంబళి చేశాను. ఉన్ని నేనే ఏరాను, రంగు నేనే కాచాను, వేళ్ళు చీరుకుపోయేలా కుట్టాను. పెద్ద ఊళ్ళో ప్రదర్శనకు పంపారు. కింద చీటీ మీద మా అధ్యక్షుడి పేరు. వాడికి పతకం వచ్చింది, మాకు పంచదార వచ్చింది. నేనేం చచ్చిపోయానా?"

"లేదత్తమ్మా."

"మరి? నోరు మూసుకో. నీ మంచికే చెబుతున్నా. వాడు తీశాడంటే కళ అంటారు. నువ్వు తీశావంటే తల్లి గుడ్డ లాగేసిన కూతురంటారు. మీ వాళ్ళే అంటారు ముందు."

అది బెదిరింపు కాదు. ముసలావిడ ఉన్నదే చెప్పింది. అంతకంటె నిజమైన మాట ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ ఆమెతో అనలేదు. కమ్షాత్ రోజులు రోజులు ఆ మాటను మనసులో తిప్పి చూసుకుంది. ఊరుకుంటే ఏమవుతుంది? ఎర్మెక్‌కు పేరు వస్తుంది. రిస్తీ అల్లుడి ముందు జుట్టు విప్పుకున్నదై పోతుంది. తాను అందరితో సుఖంగా ఉంటుంది. నోరు విప్పితే ఏమవుతుంది? తల్లి మాట తల్లికి దక్కుతుంది. పుట్టింటి తలుపు, మెట్టినింటి తలుపు రెండూ మూసుకుంటాయి. న్యాయం అడిగినవాడికి ఇంకేదైనా నష్టం రావచ్చు గాని నిలువ నీడ పోదు. ఆడదానికి మొదట పోయేదే అది. ఎవరు ఏర్పరిచారు ఈ లెక్కను? ఆమెను అడిగి ఏర్పరచలేదు.

ప్రదర్శనలోంచి ఆ ఫొటో తీసేయమని మరొక్కసారి అడిగింది. ఎర్మెక్ పోస్టరు తెచ్చి బల్ల మీద పరిచాడు. పోస్టరు మీద ఉన్నది రిస్తీయే.

తరవాతి శనివారం సంత నుంచి వచ్చి ఒక వెలుగు కొలిచే మీటరు చూపించాడు. "ఆశ్చర్యం చూడు, నీ చిల్లుల బుర్రకు ఇది వచ్చింది. ముందున్న లెన్సు కోసం ఇచ్చాడు వాడు."

 "అందులో రీలు ఉంది," అంది కమ్షాత్.

"తెరిచినప్పుడు చూశాను. వెలుగు తగిలాక ఇంకేముంది, తీసి పారేశాను. ఏముంది దాంట్లో?"

ఏముందో ఆమె చెప్పలేదు. ఇక ఎవరికీ తెలియదు.

*

ప్రారంభం నాడు హాలు నిండింది. అత్తగారు మఖ్మల్ కోటు వేసుకుని తలుపు పక్కన కుర్చీలో కూర్చుంది. ఎర్మెక్ కొత్త చొక్కాలో, ముందు గోడ మీద ఉన్న పెద్ద ఫొటో పక్కన నిలబడి, కాలేజీ పిల్లలకు వెలుగు గురించి చెబుతున్నాడు. ఫొటో కింద చిన్న అట్టముక్క మీద అతని పేరు, దాని కింద "తల్లి" అన్న మాట ఉన్నాయి. కమ్షాత్ కోటు జేబులో చెయ్యి పెట్టుకుని వెనక నిలబడింది. పొద్దున బీరువాలోంచి తీసుకున్న నెగెటివ్ ముక్క ఆ జేబులో ఉంది. దానిని ఎందుకు తీసుకుందో తనకే తెలియదనుకుంటోంది.

అప్పుడు తోలెగెన్ వచ్చాడు. రిస్తీ తమ్ముడు, కమ్షాత్ మేనమామ. కజాలీ నుంచి రైలు దిగి తిన్నగా వచ్చినట్టు బూట్లకు ఇంకా దుమ్ము ఉంది. టోపీ చేతిలో పట్టుకుని, తల వంచుకుని, ఎవరినీ చూడకుండా హాలు దాటి ముందు గోడ దాకా నడిచి, ఫొటోకు వీపు పెట్టి నిలబడ్డాడు.

"అల్లుడూ," అన్నాడు. "మా ఊళ్ళో పిల్లకాయలు ఫోన్లలో ఈ పోస్టరు బొమ్మ పెట్టుకు తిరుగుతున్నారు. నాకు చూపించబోతే చెంప పగలగొట్టాను. నేను చూడలేదు, చూడను. ఒక్క మాట అడిగి పోదామని వచ్చాను. మా అక్క తల మీద గుడ్డ లేనప్పుడు నువ్వు ఎదురుగా ఉన్నావా?"

 అత్తగారు కళ్ళు దించుకుంది.

"ఉన్నాను మామయ్యా," అన్నాడు ఎర్మెక్ మెత్తగా, ముందుగా సిద్ధం చేసుకున్న గొంతుతో. "ఆఖరి రోజుల్లో ఈ పాత పట్టింపులు ఆవిడకే వద్దనిపించాయి. నువ్వు నా కొడుకువే నాయనా అంది."

తోలెగెన్ టోపీ పెట్టుకోబోయాడు.

"ఆయన అక్కడ లేరు మామయ్యా," అంది కమ్షాత్.

గొంతు పెద్దగా రాలేదు గాని అందరికీ వినిపించింది.

"ఆ గదిలో మగవాడెవరూ లేరు. అమ్మ నా ముందు తప్ప ఎవరి ముందూ గుడ్డ తీయలేదు. ఫొటో నేను తీశాను. కడిగింది నేను. మగవాడి కంట పడనివ్వనని ఒట్టు పెట్టింది కూడా నేనే."

"వాళ్ళమ్మ పోయినప్పటి నుంచి ఈవిడ ఒంట్లో బాగుండటం లేదు," అన్నాడు ఎర్మెక్ చుట్టూ ఉన్నవాళ్ళతో, జాలిగా. "కమ్షాత్, కాస్త కూర్చో. నీళ్ళు తెప్పించనా?"

ఆమె గెన్నాది వైపు తిరిగింది. "అన్నా, ఆ పై మూలలో చుక్క ఏ కెమెరాదో మీకు తెలుసు. చెప్పండి."

గెన్నాది కళ్ళజోడు తీసి తుడిచాడు. తుడుస్తూనే ఉన్నాడు. "పాత కెమెరాలు చెల్లెమ్మా. దేనికైనా పడొచ్చు," అన్నాడు.

అయిపోయింది. కెమెరా ఏ టార్పాలిన్ మీదికి చేరిందో తెలియదు. జేబులోని నెగెటివ్ ఎవరు తీశారో చెప్పదు. తెలిసినవాడు తుడుచుకుంటున్నాడు. ఆమె మాటకు ఆమె తప్ప సాక్ష్యం లేదు. ఆడదాని మాటకు సాక్ష్యం ఎప్పుడూ ఇంకెక్కడో ఉండాలంటారు. వెళ్ళి చూస్తే అక్కడ ఉండదు. కమ్షాత్ ఫొటో వైపు చూసింది. రిస్తీ జుట్టు మధ్య నుంచి, తలుపులన్నీ తీసి పెట్టినట్టున్న ముఖంతో, సగం కోపంగా, సగం నవ్వబోతూ, జీవితంలో ఎవరి ఎదుటా దాచకుండా చూడని మనిషి దాచకుండా చూస్తోంది. తాను ఇప్పుడు అడగబోయేది ఒట్టును రెండోమారు తీసి గట్టున పెట్టడమేనని కమ్షాత్‌కు తెలుసు. తెలిసే అడిగింది.

"ఒక్కసారి వెనక్కి తిరిగి చూడండి మామయ్యా. అమ్మ గోడ వైపు తిరగలేదు. గుడ్డ అంచు కోసం చెయ్యి వెళ్ళలేదు. ఈయన ఎదురుగా ఉంటే అలా ఉండేదా? ఆమె నన్ను చూస్తోంది."

తోలెగెన్ టోపీని ఛాతీకి అదుముకున్నాడు. తరవాత తిరిగి చూశాడు.  వెంటనే చేత్తో కళ్ళు మూసుకున్నాడు.

"అవును," అన్నాడు. "నిన్నే చూస్తోంది."

ఎర్మెక్ ఏదో అనబోయాడు. తోలెగెన్ చెయ్యి ఎత్తి ఆపాడు.

"అందుకే నీ తప్పు పెద్దది కమ్షాత్. వాడు పరాయివాడు, దొంగ. దొంగకు పట్టింపేముంటుంది? నువ్వు కూతురివి. ఆమె నిన్ను నమ్మింది. ఇక మా గుమ్మానికి రావద్దు."

"సరే మామయ్యా," అంది కమ్షాత్.

ఆయన వెళ్ళిపోయాడు. కమ్షాత్ ముందుకు నడిచి, రెండు చేతులతో ఫ్రేము పట్టుకుని పైకెత్తి, గోడ మీద నుంచి దించింది. అనుకున్నదాని కంటె బరువుగా ఉంది. తల్లి ముఖాన్ని తన ఛాతీకి ఆనించి, అట్టవైపు బయటికి ఉండేలా పట్టుకుంది.

"ఎక్కడికి?" అన్నాడు ఎర్మెక్ పళ్ళ బిగువున. "నలుగురిలో నవ్వులపాలు చేసింది చాలు. ఇంటికి పద. ఏదున్నా ఇంట్లో మాట్లాడుకుందాం."

"మీరు మాట్లాడుకోండి," అంది కమ్షాత్.

తలుపు దగ్గర అత్తగారి మోకాళ్ళు దారికి అడ్డంగా ఉన్నాయి. ముసలావిడ కోడలి ముఖం చూడలేదు. కాళ్ళు మాత్రం మెల్లగా పక్కకు జరిపింది. కమ్షాత్ బయటికి నడిచింది.

ముందు గోడ మీద ఒక మేకు, దాని కింద ఎర్మెక్ పేరు మిగిలాయి.